ఎర్ర దారం, పచ్చ దారం, ఒక వాయిస్ మెసేజ్

మాది చీపురుపల్లి పక్కన ఊరు. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. దగ్గు రెండు వారాలు దాటినా తగ్గలేదు. సాయంత్రమయ్యేసరికి జ్వరం కాసేది. నా జాకెట్లు నాకే వదులైపోయాయి. మా ఊరి ఆశా వర్కరు వదిన కళ్లె పరీక్షకి డబ్బీ తెచ్చిచ్చింది. టీబీ అని తేలింది.

ఆ సంగతి నాకంటే ముందు మావాడికి తెలిసింది. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఒక్కటే, అదీ పదో తరగతి చదివే వాడి చేతిలోనే ఉంటుంది. మెసేజ్ ఇంగ్లీషులో వచ్చింది. వాడు చదివి, గూగుల్‌లో వెతుక్కుని, ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఆ నంబరు ఎవరి చేతిలో ఉంటుందో ఒక్క మాట అడిగితే వాళ్ల సొమ్మేం పోయింది? ఆ కోపం నాకింకా ఉంది.

మందులు ఆరు నెలలు వాడాలన్నారు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్రలు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులవి. రోజుకి ఎన్ని వేసుకోవాలో మన బరువును బట్టి చెబుతారు. ఇదంతా రాసిన పీడీఎఫ్ కూడా పంపారు. అంత చిన్న అక్షరాలు ఎవరు చదువుతారు? నాకు పనికొచ్చినవి టీబీ సూపర్‌వైజర్ గారి వాయిస్ మెసేజ్‌లు. ఒక్కోటీ నిమిషం ఉండదు. మాత్రలు మొదలెట్టే ముందురోజే పంపారు: "అమ్మా, రేపట్నుంచి ఒంటేలు నారింజ రంగులో వస్తాది. రక్తం కాదు, మందు రంగే. గాభరా పడకండి." ఆ మాట వినకపోయుంటే తెల్లారేసరికి ఇంట్లో ఏడుపులే.

మా అత్తగారు గాడిద పాల వీడియో ఒకటి చూపించారు, టీబీ మాయమట. లింకు సార్‌కి పంపాను. "ఆ డబ్బుతో గుడ్లు కొనుక్కోండమ్మా, మాత్ర మాత్రం మానకండి" అన్నారు. తిండికి నెలనెలా ప్రభుత్వం బ్యాంకులో వేసే డబ్బు 2024 నవంబరు నుంచి 500 కాదు, 1000 అయిందని చెప్పిందీ ఆయనే.

మధ్యలో టీబీ మందులు వాడేవాళ్లందర్నీ ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చారు. చూస్తే అందులో నా దగ్గర బ్లౌజులు కుట్టించుకునే ఆవిడ నంబరు! తర్వాత ఆవిడ వచ్చింది, చేతులు కాస్త పొట్టి చెయ్యమంది, వెళ్లింది. ఇద్దరం ఆ ఊసే ఎత్తలేదు. ఆ రాత్రే గ్రూపులోంచి బయటికొచ్చేశాను.

అసలు భయం ఇంకోటి. సూదిలోకి దారం ఎక్కడం మానేసింది. ఈ మాత్రల్లో ఒక మందు కంటిచూపు మీద పని చెయ్యొచ్చు, ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోతే వెంటనే చెప్పమని ఒక మెసేజ్‌లో విన్నాను. అర్ధరాత్రి లేచి దారపు ఉండలు పరుచుకుని కూర్చున్నా. ఎరుపు ఎరుపులానే ఉంది, పచ్చ పచ్చలానే ఉంది. అయినా సార్‌కి వాయిస్ పెట్టాను. మాత్రలు ఆపకుండా పొద్దున్నే కళ్ల డాక్టరు దగ్గరికి రమ్మన్నారు. పరీక్షలన్నీ అయ్యాక తేలిందేమిటంటే, నాకు నలభై దాటింది, దగ్గరి చూపుకి అద్దాలు కావాలి. అంతే!

కోర్సు అయిపోయింది, కళ్లెలో ఏమీ లేదన్నారు. రెండేళ్ల వరకు ఆరు నెలలకోసారి చూపించుకోవాలట.

గ్రూపు సంగతి నేను గట్టిగానే చెప్పాను. ఇప్పుడు సార్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పంపుతున్నారు, ఒకరి నంబరు ఇంకొకరికి కనబడదు. కాకపోతే ఆయన నంబరు మన ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే మెసేజ్ అందుతుంది. కొత్తగా మందులు మొదలెట్టేవాళ్లకి ఆ పని ఆశా వదినే చేసిపెడుతోంది, ఫోన్ ఎవరి దగ్గర ఉంటుందో అడిగాకే.