పదహారు పిక్సెళ్లలో ఒక దీపం

ఒక గ్రంథాలయ సంస్థ తన లోగోనూ, పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే ఫోను యాప్‌నూ కొత్తగా తీర్చిదిద్దే పని నాకు అప్పగించింది. 2025 మార్చిలో మొదలుపెట్టాను. మూడు నెలల పని అనుకున్నది ఏడు నెలలు పట్టింది.

పాత లోగోలో తెరిచిన పుస్తకం, దాని నడుమ నుంచి లేచే దీపజ్వాల. పేజీలకు ఏడు గీతలు, అట్టకు తోలు మెరుపు, జ్వాల చుట్టూ కాంతివలయం, కింద నీడ. యాప్ తెరిస్తే చెక్క బీరువా, అరల్లో వరుసగా పుస్తకాలు. అది తయారైన రోజుల్లో అందరూ అలాగే చేసేవారు. 2010లో ఆపిల్ తెచ్చిన ఐబుక్స్‌లోనూ చెక్క అరలే ఉండేవి. టచ్ ఫోన్లు అప్పటికి జనానికి కొత్త. తెర మీది వస్తువు ఇంట్లోని వస్తువులా కనిపిస్తే ఎక్కడ నొక్కాలో ఒకరు చెప్పనక్కర్లేదు. 2013లో ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ కొత్త రూపం ఐఓఎస్ 7తో తోలు, చెక్క, మెరుపు ఫోను తెర నుంచి తుడిచిపెట్టుకుపోయాయి. అప్పటికే వేళ్లకు అలవాటైంది కాబట్టి ఆ ఆసరా లేకపోయినా జనం తడబడలేదు. ఆ పాత బొమ్మలను చూసి నవ్వేవాళ్లంటే నాకు కోపం వస్తుంది. అవి ఎంతమందికి చదవడం నేర్పినట్టు ఫోను వాడటం నేర్పాయో!

మొదటి చిక్కు ఫైలు దగ్గరే వచ్చింది. లోగోకు అసలు వెక్టర్ ఫైలు, అంటే ఎంత పెద్దది చేసినా అంచులు చెడని బొమ్మ, ఎవరి దగ్గరా లేదు. మిగిలింది ఒక చిన్న జేపెగ్ బొమ్మ. పెద్దది చేస్తే అంచులు మెట్లుమెట్లుగా విరిగిపోతున్నాయి. దాని మీద గీసుకుంటూ మొత్తం మళ్లీ వేశాను.

అసలు పరీక్ష బ్రౌజర్ ట్యాబ్ మీద కనిపించే చిహ్నం. అడ్డం 16 పిక్సెళ్లు, నిలువు 16. మొత్తం 256 గళ్లు. పాత లోగోను అందులోకి కుదిస్తే గోధుమరంగు మరక మీద పసుపు చుక్క మిగిలింది. 1984లో వచ్చిన ఆపిల్ మొదటి మెకింటాష్ కంప్యూటర్ కోసం డిజైనర్ సుసాన్ కేర్ చిహ్నాలను గళ్ల కాగితం మీదే వేశారు. ఆమెకు దొరికినవి 32 అడ్డం, 32 నిలువు గళ్లు, నలుపు, తెలుపు, అంతే. నేనూ గళ్ల కాగితం ముందేసుకుని పెన్సిల్‌తో గడి గడి నింపుతూ కూర్చున్నాను. ఏడు గీతలు మూడయ్యాయి, మూడు ఒకటైంది, చివరికి అదీ పోయింది. పుస్తకానికి రెండు రెక్కలే మిగిలాయి. అయినా పుస్తకంలాగే ఉంది.

జ్వాల మాత్రం లొంగలేదు. పదహారు సరిసంఖ్య. నట్టనడుమ గడి అంటూ ఉండదు. కొస ఒక్క గడి వెడల్పు పెడితే జ్వాల పక్కకు జరుగుతుంది, రెండు గళ్లు పెడితే కత్తిరించినట్టు మొద్దుబారుతుంది. నాలుగు రోజులు దాంతోనే గడిచాయి. అయిదో రోజు కొసను కావాలనే ఒక గడి కుడికి వంచి, కింది భాగాన్ని నాలుగు గళ్లకు వెడల్పు చేశాను. గాలికి కొద్దిగా ఒరిగిన దీపంలా కుదిరింది. ఆ ఒరుగు నాకెంత నచ్చిందంటే పెద్ద లోగోనూ అలాగే మార్చాను. పెద్ద బొమ్మను చిన్నది చేయాలని మొదలుపెట్టిన పని, చిన్న బొమ్మను పెద్దది చేయడంతో ముగిసింది.

సంస్థ కార్యవర్గంలో ఒకరు పేరు కూడా తీసేద్దామన్నారు. 2019లో మాస్టర్‌కార్డ్ తన చిహ్నం నుంచి పేరు తొలగించిందని ఉదాహరణ చూపారు. ఆ రెండు వృత్తాలను జనం దశాబ్దాలుగా చూస్తున్నారు, మన పుస్తకాన్ని అంతమంది ఎరగరు కదా అన్నాను. ఇంకొకరు అక్షరాల కొసలు చెక్కేసి నున్నగా చేయమన్నారు. 2015లో గూగుల్ అలా చేసింది, నిజమే. 2018లో బ్రిటన్ ఫ్యాషన్ సంస్థ బర్బెరీ కూడా నున్నటి మందపు అక్షరాలకు మారింది. కానీ 2023లో మళ్లీ కొసలున్న అక్షరాలకే, తన పాత గుర్రపు రౌతు బొమ్మకే తిరిగివచ్చింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపాను. అక్షరాలు అలాగే ఉండిపోయాయి.

యాప్ తెరల విషయంలో తప్పు నాదే. 2020 ప్రాంతంలో డిజైనర్లంతా మోజుపడిన న్యూమార్ఫిజం మీద నాకు ఇంకా మమకారం ఉండేది. నేపథ్యానిదీ బటన్‌దీ ఒకే రంగు. ఒకవైపు మెత్తని వెలుగు, మరోవైపు మెత్తని నీడ, గోడలోంచి ఉబికినట్టు బటన్. నా కంప్యూటర్ మీద ఎంతో అందంగా ఉంది. ఒక పెద్దావిడ చేతికి ఫోను ఇచ్చి, ఎండలో బల్ల మీద కూర్చోబెట్టి, పుస్తకం తిరిగి ఇవ్వమని అడిగాను. ఆమె తెరను అటూ ఇటూ వంచి చూశారు. చేయి అడ్డం పెట్టి చూశారు. చివరికి, "బటన్ ఎక్కడుందండీ?" అన్నారు. బటన్ ఆమె బొటనవేలి కిందే ఉంది.

ఆ సాయంత్రం కొలిచాను. మామూలు అక్షరాలకు వెనుక రంగుతో కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా, కనీసం 4.5:1 ఉండాలని, బటన్లలాంటి వాటిని గుర్తుపట్టించే అంచులకు 3:1 ఉండాలని వెబ్ సౌలభ్య ప్రమాణాలు చెబుతాయి. నా బటన్ అంచుకు 1.3:1 వచ్చింది. ఆ తెరలన్నీ పక్కన పెట్టాను. బటన్లకు ముదురు నీలం నింపి, ఎత్తు గూగుల్ సూచించే 48 యూనిట్లకు పెంచాను. చిహ్నాల కింద మాటలు రాశాను. భూతద్దం అంటే వెతకడమని అందరికీ తెలుసు. హృదయం గుర్తు మాత్రం ఒకరికి "నచ్చింది", ఒకరికి "దాచుకో".

జూన్‌లో ఆపిల్ తెర మీది పట్టీలు, బటన్లు అద్దంలా కనిపించే లిక్విడ్ గ్లాస్ డిజైన్ ప్రకటించింది. వారం తిరగకముందే కార్యవర్గం వాళ్లు మనకూ అద్దం కావాలన్నారు. కాదనకుండా చేసి చూశాను. కింది మెనూ పట్టీని అద్దంలా మార్చి, దాని కింద పుస్తకాల అట్టలు కదిలించాను. నల్లని అట్ట మీద తెల్ల అక్షరాలు మెరిశాయి, తెల్లని అట్ట రాగానే మాయమయ్యాయి. 2007లో విండోస్ విస్టా అద్దపు కిటికీలు తెచ్చింది, 2012లో విండోస్ 8 వాటిని తీసేసింది. పుస్తకాల యాప్‌లో అట్టల రంగులు మన చేతిలో ఉండవు. పట్టీకి గట్టి రంగే వేశాం.

చివర్లో, ఫోను నేపథ్యాన్ని నల్లగా మార్చుకునే ముదురు తెరలో (డార్క్ మోడ్) నీలం పుస్తకం నలుపులో కలిసిపోయి, దీపం ఒక్కటే గాలిలో తేలింది. పుస్తకానికి లేత నీలంతో రెండో రూపం వేశాను. ఒక్క పూట పని.

అక్టోబరులో అదే పెద్దావిడను, అదే బల్ల మీద, అదే ఎండలో కూర్చోమని అడిగాను. ఫోను తీసుకున్నారు, ఒకసారి నొక్కారు, పుస్తకం తిరిగి ఇచ్చేశారు. నేను తర్వాతి ప్రశ్న అడగబోతుంటే ఆవిడ తలెత్తలేదు. ఇంకో పుస్తకం వెతుక్కుంటున్నారు.