అవ్వ బరువు 42 కిలోలు

చెన్నైలో అనస్థీషియా పీజీ రెండో ఏడాదిలో ఉన్నాను. నాయుడుపేట నుంచి ఒక అవ్వ వచ్చింది. పెరట్లో జారిపడితే మణికట్టు దగ్గర ఎముక విరిగింది. డెబ్బై దాటిన మనిషి, ఆయాసం ఉంది. ఆపరేషన్‌కు చెయ్యి మొద్దుబారేలా నరాల దగ్గర మందు ఎక్కించాలి, దాన్నే బ్లాక్ అంటాం. మెడ వైపు బ్లాక్ ఇస్తే ఊపిరికి పనికొచ్చే నరం కూడా మొద్దుబారే ప్రమాదం ఉంటుంది. అందుకని చంక దగ్గర ఇద్దామనుకున్నాం.

మందు నేనే సిద్ధం చేశాను. అడ్రినలిన్ కలిసిన 2 శాతం లిగ్నోకైన్ 15 మి.లీ., 0.5 శాతం బుపివకైన్ 15 మి.లీ. రెండూ మొద్దుబార్చే మందులే, మా సీనియర్లు అలవాటుగా కలిపే పాళ్లే. కేస్ షీట్‌లో బరువు 50 అని ఉంది. లిగ్నోకైన్ కిలోకి 7 మి.గ్రా. చొప్పున 350 దాకా ఇవ్వొచ్చు, నాది 300. బుపివకైన్ కిలోకి 2 చొప్పున 100 దాకా, నాది 75. రెండూ హద్దులోనే ఉన్నాయని ధైర్యంగా ఉన్నాను.

మా పై డాక్టర్ మేడమ్ సిరంజిలు చూసి ఒకటే అడిగారు. "బరువు ఎవరు తూచారు?"

ఎవరూ తూచలేదు. కర్ర లేకుండా నిలబడలేదని అంచనాగా రాసేశారు. వెంటనే కుర్చీలో కూర్చోబెట్టి తూచాం. కుర్చీ బరువు తీసేస్తే 42.

మేడమ్ లెక్క మళ్లీ చేయించారు. లిగ్నోకైన్ హద్దు 294, బుపివకైన్ హద్దు 84. ఒకటి హద్దు దాటింది, రెండోది తొంభై శాతానికి దగ్గర. అసలు తప్పు అది కూడా కాదు. రెండు మందుల విషప్రభావం కలిసి పెరుగుతుంది, ఎవరి హద్దు వాళ్లకి విడిగా ఉండదు. రెండూ కలిపితే ఒక మనిషికి పనికొచ్చే హద్దుకు దాదాపు రెట్టింపు నా ట్రేలో ఉంది. నా చేతులు చల్లబడ్డాయి. బుపివకైన్ వల్ల గుండె ఆగితే మళ్లీ కొట్టించడం ఎంత కష్టమో 1979లోనే ఆల్‌బ్రైట్ అనే డాక్టర్ రాశారు. పరీక్షకు చదివాను, ట్రే దగ్గర గుర్తు రాలేదు.

ఆ సిరంజిలు పారబోసి అలాంటిదే మరో మందు, 0.5 శాతం రోపివకైన్ ఒక్కటే తీసుకున్నాం. కిలోకి 3 చొప్పున హద్దు 126 మి.గ్రా., అంటే 25 మి.లీ. అల్ట్రాసౌండ్‌లో నరాలు కనిపిస్తుంటే అంత అక్కర్లేదు. నరాల చుట్టూ 18 మి.లీ., రక్తం ఆపడానికి చేతికి బిగించే పట్టీ (టోర్నికెట్) నొప్పి తెలియకుండా చేతి లోపలి వైపు చర్మం కింద 4. ఈ నాలుగూ లెక్కలోకే. మొత్తం 110 మి.గ్రా. మందు విషమైతే విరుగుడుగా ఎక్కించే కొవ్వు ద్రవం, 20 శాతం లిపిడ్ ఎమల్షన్ పక్కనే పెట్టి, మొదటి డోసు 63 మి.లీ. అని తెల్ల టేపు మీద రాసి అంటించాను.

నాలుగైదు మి.లీ.కి ఒకసారి ఆగి, పిస్టన్ వెనక్కి లాగి, రక్తం రాలేదని చూసుకుని మళ్లీ ఎక్కించాను. అవ్వకు తమిళం రాదు. అందుకే ఆగిన ప్రతిసారీ నేనే అడిగాను. "అవ్వా, చెవుల్లో గుయ్‌మంటోందా? నాలుక మొద్దుగా ఉందా? నోట్లో ఇనుము రుచి వస్తోందా?" మందు రక్తంలోకి పోతే చాలాసార్లు ముందుగా తెలిసేది రోగి నోటి మాటతోనే. మత్తులో పడుకోబెడితే ఆ మాట కూడా వినపడదు.

"ఏం లేదు పాపా," అంది ప్రతిసారీ. ఇరవై నిమిషాలకు కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఎత్తి చూసుకుంది. "ఇది నా చెయ్యేనా?"

రాత్రి తొమ్మిదికి వార్డుకి వెళ్తే, కట్టు బయట రెండు వేళ్లు కదిపి చూపించింది. కేస్ షీట్‌లో 50 కొట్టేసి 42 రాసి, కింద సంతకం పెట్టి వచ్చాను.