బస్టాండు మీద ప్రేమపాట

ఇండోనేషియా కుర్రకారు అనగానే కొరియన్ పాటల మోజే చాలామందికి గుర్తుకొస్తుంది. ఆ మోజు అక్కడ నిజంగానే ఉంది గాని, నన్ను కట్టిపడేసింది మాత్రం డిడి కెంపోట్ కచేరీలు. జావా ద్వీపంలోని సోలో నగరంలో వీధుల్లో పాడి పొట్టపోసుకున్న ఈ గాయకుడు, బడిలోనూ టీవీలోనూ చెలామణి అయ్యే జాతీయ భాషను పక్కనబెట్టి, ఇంటి భాష అయిన జావనీస్‌లోనే విరహగీతాలు కట్టారు. సోలోలోని బలపాన్ రైల్వే స్టేషన్, తీర్తోనాడి బస్టాండు ఆయన పాటల్లో ప్రేమికులు విడిపోయే చోట్లు.

పెద్దవాళ్ల పాటలుగా ముద్రపడ్డ వాటిని 2019లో కాలేజీ పిల్లలు నెత్తిన పెట్టుకున్నారు. 'సోబత్ అంబ్యార్' పేరిట, అంటే గుండె పగిలిన నేస్తాలుగా, వాళ్లు కచేరీలకు పోటెత్తారు. గొంతు కలిపి పాడుతూ ఏడ్చేవారు; విషాదం ముదిరిన చోట ఒక్కసారిగా, కొబ్బరిపాలూ బెల్లమూ కలిపిన చెండోల్ అనే పానీయం అమ్మేవాడి కేకను అందరూ కలిసి అందుకునేవారు. కన్నీళ్ల మధ్య ఆ వీధి కేక వినబడినప్పుడు, ఆ పాట ఎవరిదో ఎవరూ చెప్పనక్కరలేదనిపిస్తుంది.

2020 మే 5న, 53 ఏళ్లకే ఆయన కన్నుమూశారు. అయినా ఆ ఒరవడి ఆగలేదు. తూర్పు జావా నుంచి వచ్చిన డెన్నీ చాక్నాన్ వంటి యువ గాయకులు జావనీస్‌లోనే పాడి దేశమంతటా పేరు తెచ్చుకున్నారు. 2022 ఆగస్టు 17న, స్వాతంత్ర్య దినోత్సవం నాడు, అధ్యక్ష భవనం ముంగిట 12 ఏళ్ల బాలుడు జావనీస్ పాట పాడితే మంత్రులు లేచి చిందులేశారు.

విశాఖలో కూర్చుని ఇదంతా చూస్తున్నప్పుడు నాకు బాధ కలుగుతుంది. ఇంట్లో "ఏటి, బాగున్నారేటి" అని పలకరించే పిల్లలు కాలేజీ గేటు దాటగానే ఆ యాసను దాచేసుకుంటారు. మన సినిమాలు దాన్ని చాలాకాలం నవ్వించే పాత్రలకే అంటగట్టడం అందుకు ఒక కారణమని నా గట్టి నమ్మకం. అదే 2020లో, ఆగస్టు 4న, మనం వంగపండు ప్రసాదరావు గారిని పోగొట్టుకున్నాం. ఉత్తరాంధ్ర పలుకుబడితోనే ఆయన జనాన్ని కదిలించారు. అయితే ఆయనది పోరాటపు పాట. ప్రేమనూ ఎడబాటునూ ఈ యాసలో ఈ తరం ఇంకా తగినంతగా పాడుకోలేదు. బీచ్ రోడ్డులో సాయంత్రాలు గిటార్ వాయించే కుర్రాళ్లలో ఒకరైనా, ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండులో శ్రీకాకుళం బస్సెక్కి వెళ్లిపోయిన పిల్ల మీద మన మాటల్లో పాట కడితే వినాలని నాకు ఎంతో ఆశగా ఉంది.