దయ్యం కనబడని దయ్యం సినిమాకి పోస్టర్ చేశాను

కృష్ణానగర్‌లో పబ్లిసిటీ డిజైనింగ్ మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. ఇప్పటికి పదకొండు హారర్ సినిమాలకి పోస్టర్లు చేశాను, అందులో చాలావాటికి సరుకు ఒకటే: నల్ల బ్యాక్‌గ్రౌండ్, నెత్తురు కారుతున్నట్టు ఎర్ర అక్షరాలు, ముఖం మీద జుట్టు పరుచుకున్న ఆడమనిషి, వెనకాల పాడుబడ్డ బంగళా. వాటిని తక్కువ చేసి మాట్లాడను. మెట్రో పిల్లర్ మీది పోస్టర్‌ని బండి మీద పోయే మనిషి చూసేది రెండు సెకన్లు, ఆ రెండు సెకన్లలో ఇది దయ్యం సినిమా అని తెలిసిపోవాలి కదా.

పోయినేడు వచ్చిన సినిమా మాత్రం వేరు. కథంతా కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు, పట్టపగలు. దయ్యం ఒక్క ఫ్రేమ్‌లో కూడా కనబడదు. డైరెక్టర్‌కి అది మొదటి సినిమా, కూర్చోగానే "అన్నా, నలుపు వద్దు, ఎరుపు వద్దు, జుట్టు అసలే వద్దు" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. మధ్యాహ్నపు ఎండ, బాల్కనీ తీగ మీద ఆరేసిన తెల్లచీర, చీర వెనక ఎవరో నిలబడ్డట్టు నీడ, కింద చూస్తే కాళ్లు ఉండవు. మూడు రోజులు కూర్చుని ఎంతో ఇష్టంగా చేశాను.

ప్రింట్ తీసుకుని యూసుఫ్‌గూడలో ఛాయ్ బండి దగ్గర పన్నెండు మందికి చూపించాను. ఒకాయన ఫ్యామిలీ సినిమానా అన్నాడు. కాలేజీ కుర్రాడొకడు బట్టల సబ్బు యాడా అన్నా అని అడిగాడు, వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. దయ్యం అన్నవాళ్లు ఇద్దరే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అలవాటైన గుర్తులన్నీ ఒకేసారి తీసేస్తే చూసేవాడికి ఎక్కడ భయపడాలో ఎలా తెలుస్తుంది? కాళ్లు లేవని గమనించాలంటే ముందు అక్కడ ఆగాలి, ఆగడానికే మేము కారణం ఇవ్వలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, చిన్నప్పుడు మా వీధిలో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్న రోజులు. కొందరు బొగ్గుతో, కొందరు సుద్దతో రాశారు. బొమ్మ లేదు, నెత్తురు లేదు, అయినా చీకటి పడితే మా అక్క నీళ్లకి కూడా బయటికి వెళ్లేది కాదు. ఆ భయమంతా అది రాసిన చోటులోనే ఉంది, రోజూ తీసి వేసే మన తలుపు మీద కదా రాసింది. నేను కూడా తలుపు దగ్గరికే వెళ్లాలనిపించింది.

మళ్లీ షూట్ పెట్టుకున్నాం. వీధి తలుపు మూసి, ఇంటి లోపలి నుంచి ఫొటో. గడపకి పసుపు, కుంకుమ, ముందు ముగ్గు. ముగ్గు వేయమని వాచ్‌మన్ భార్యని పిలిస్తే మామూలుగా తలుపు బయటికెళ్లి వంగింది. బయట కాదమ్మా, తలుపుకి లోపలి వైపు అన్నాను. పిండి గుప్పిట్లో పట్టుకుని అట్లాగే ఆగిపోయింది. "పూజ గదిలయితే ఏస్తం గానీ వాకిలికి లోపట ఎవరేస్తరు సార్, మంచిగుండదు" అంది. ఆమెని బలవంతపెట్టలేదు, ఆర్ట్ డిపార్ట్‌మెంట్ అమ్మాయి వేసింది. కానీ ఆ గుప్పిట ఆగిన క్షణంలోనే పోస్టర్ దొరికేసింది నాకు. ముగ్గు బయట ఉంటే చెడు లోపలికి రాకుండా, లోపల ఉంటే మరి ఎవరు బయటికి పోకుండా?

ప్రొడ్యూసర్ గారు ఒప్పుకోవడానికి పది రోజులు పట్టింది. "దయ్యం ఏదయ్యా ఇందులో?" అన్నారు. 2013లో 'ప్రేమకథా చిత్రమ్' అనే హారర్ కామెడీ ఆడినప్పటి నుంచి హారర్ అనగానే సినిమా కొనే బయ్యర్లు కామెడీ ఉందా అని అడుగుతారు, ఆయన టెన్షన్ ఆయనది. చివరికి గది చీకటిగా ఉంచి తలుపు కింద సందులోంచి మాత్రమే వెలుగు రానిచ్చాం, టైటిల్‌కి కుంకుమ ఎరుపు పెట్టాం. అంటే నలుపూ వచ్చింది, ఎరుపూ వచ్చింది. డైరెక్టర్ కాస్త చిన్నబుచ్చుకున్నాడు గానీ ఛాయ్ బండి దగ్గర ఈసారి తొమ్మిది మంది దయ్యం అన్నారు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా పోట్లాడాను. 1999లో 'ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్' అనే అమెరికన్ హారర్ సినిమా వాళ్లు అందులో నటించినవాళ్లు నిజంగానే తప్పిపోయారన్నట్టు ప్రచారం చేశారు, కరపత్రాలు పంచారు, వెబ్‌సైట్ పెట్టారు, చాలామంది నమ్మారు. మనమూ హీరోయిన్ ఫొటోతో "కనబడుట లేదు" అని ఊరంతా అంటిద్దాం అని టీమ్‌లో ఒకరన్నారు. సికింద్రాబాద్ స్టేషన్ గోడల మీద ఆ కాగితాలు నిజంగా అంటించేవాళ్లని చూశాను. పిల్లవాడి ఫొటో, చొక్కా రంగు, కింద నాన్న ఫోన్ నంబర్. వాటి పక్కన మన అబద్ధం అంటించడానికి నా చేయి రాదన్నాను. "నిజ సంఘటనల ఆధారంగా" అనే లైన్ కూడా అప్పుడే తీసేశాం, కథ మొత్తం కల్పితమే కాబట్టి.

ట్రైలర్‌కొస్తే, టైటిల్ పడ్డాక చివర్లో ఢామ్మని ఒక మోత ఉండటం ఆనవాయితీ. దాన్ని వదల్లేదు, శబ్దం మార్చాం. హీరోయిన్ కుక్కర్ విజిల్స్ లెక్కపెడుతుంది, మూడు రాగానే స్టవ్ కట్టేస్తుంది, ప్లగ్గు కూడా తీసేస్తుంది ఇండక్షన్ కాబట్టి. టైటిల్ పడుతుంది, నాలుగు సెకన్లు నిశ్శబ్దం, అప్పుడు నాలుగో విజిల్. మొదట్లో కింద బరువైన హమ్ ఒకటి పెట్టాం, స్టూడియోలో ఒళ్లు జలదరించేది. ఫోన్‌లో వింటే అసలు లేదు, చిన్న స్పీకర్లు అంత లోతు శబ్దాన్ని పలకలేవు. విజిల్ మాత్రం ఏ ఫోన్‌లోనైనా దూసుకొస్తుంది. ట్రైలర్ చేసేవాళ్లు ఫైనల్ మిక్స్‌కి ముందే ఒకసారి మామూలు ఫోన్‌లో వినండి, దయచేసి.

థియేటర్లో వేసే ట్రైలర్‌కి సెన్సార్ తప్పనిసరి, పెద్దలకు మాత్రమే అని ఇచ్చే 'A' సర్టిఫికెట్ వస్తే కుటుంబ సినిమాల ముందు వేసుకోలేం. పిల్లలు పెద్దవాళ్ల సలహాతో చూడొచ్చనే యూఏ సర్టిఫికెట్‌ని 2024 నుంచి వయసుని బట్టి 7+, 13+, 16+ అని విడగొట్టారు కదా, మాకు 13+ వచ్చింది, కట్స్ లేవు. నెత్తురు లేకపోవడం అక్కడ కలిసొచ్చింది.

రిలీజ్ రోజు పొద్దున ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో థియేటర్ గేటు ఎదురుగా నిలబడ్డాను. ఒక తల్లీ కూతురూ ఆగి, "గీ ముగ్గు లోపటేసిండ్రేందే" అనుకుంటూ పోస్టర్ దగ్గరికొచ్చి మరీ చూశారు. నేను అక్కడే ఉండి సాయంత్రం దాకా లెక్కపెట్టాను, దగ్గరికొచ్చినవాళ్లకి అర్థమవుతోంది, రోడ్డవతలి నుంచి చూసేవాళ్లకి అది తెల్లటి మచ్చలా ఉంది. రెండో వారం పోస్టర్లో ముగ్గుని రెండింతలు చేసి, హీరోయిన్ ముఖాన్ని పక్కకి జరిపాం.