ఇల్లు షోలాపూర్, ఇంటిపేరు తెలంగాణ

హైదరాబాద్ నుంచి జహీరాబాద్, హుమ్నాబాద్, ఉమర్గా, నల్‌దుర్గ్ మీదుగా దాదాపు 300 కిలోమీటర్లు ప్రయాణిస్తే షోలాపూర్ వస్తుంది. దారి పొడవునా దుకాణాల బోర్డులు తెలుగు నుంచి కన్నడానికీ, కన్నడం నుంచి మరాఠీకీ మారుతూ పోతాయి. తీరా నగరం తూర్పున ఉన్న సాఖర్ పేట, అశోక్ చౌక్ ప్రాంతాల్లో అడుగుపెడితే, లిపి మరాఠీదే అయినా బోర్డుల మీద బొల్లి, గడ్డం, చిలుక, గుర్రం అన్న ఇంటిపేర్లు కనిపించి, సిరిసిల్లలోనో కోరుట్లలోనో తిరుగుతున్నామా అన్న అనుమానం కలుగుతుంది. షోలాపూర్ దుప్పటి లేని ఇల్లు మా చుట్టాల్లో ఉండేది కాదు. ఆ దుప్పట్లు నేసే మనవాళ్లు తామున్న ఊరి గురించి ఏం చెప్పుకుంటారో వినాలన్న కోరికతోనే బయలుదేరాను కాబట్టి, కోటనూ సిద్ధేశ్వరుడి చెరువునూ దారిన పోతూ చూసి సరిపెట్టుకున్నాను.

తెలుగు పద్మశాలీలు ఇక్కడికి రావడానికి కరువూ కారణమే, పనీ కారణమే. 1877లో ఇక్కడ మొదటి బట్టల మిల్లు వెలిసింది. ఆ కాలంలోనే దక్కన్‌ను పెద్ద కరువు పట్టి పీడించింది. నిజాం రాజ్యంలోని కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మెదక్ పల్లెల నేతగాళ్లకు, సరిహద్దు దాటగానే ఉన్న ఈ బొంబాయి ప్రెసిడెన్సీ పట్టణంలో చేతికి పని దొరికింది. తర్వాతి తరాల్లో చేతిమగ్గాల స్థానంలో సాంచాలు, అంటే మరమగ్గాలు, వచ్చాయి, పెద్ద మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి, మనుషులు మాత్రం ఇక్కడే ఉండిపోయారు.

ఈ చరిత్రనే ఒక వృద్ధుడు తన ఇంటి ముందుగదిలో, సాంచాల మోతకు అలవాటుపడ్డ పెద్ద గొంతుతో నాకు వేరే విధంగా చెప్పాడు. "మా తాత నడుచుకుంట వచ్చిండు. గిరణి భోంగా (మిల్లు సైరన్) మోగితే ఊరంతా లేచేదట. ఇప్పుడు భోంగా లేదు, గిరణి లేదు, మేమున్నం" అన్నాడు. పూర్వీకుల పల్లెకు ఆయన ఒక పెళ్లికి మాత్రమే వెళ్లాడట. అక్కడివాళ్లు ఆదరంగా చూసినా, "మహారాష్ట్ర నుంచి వచ్చిన చుట్టం" అని అందరికీ పరిచయం చేస్తుంటే నవ్వొచ్చిందట. ఇక్కడేమో మరాఠీ వాళ్లు ఆయన్ను తెలుగువాడు అంటారు. దానికి నొచ్చుకుంటారా అని అడిగితే, నొచ్చుకోవడానికి తీరిక ఎక్కడిదన్నట్టు చేయి ఊపి, శ్రావణ పూర్ణిమనాడు జరిగే మార్కండేయ రథోత్సవం గురించి ఎత్తుకున్నాడు. ఆ రోజు నగరంలోని పెద్ద వీధులన్నీ పద్మశాలీలవే. గంగాధర్ కుచన్, ధర్మన్న సాదుల్, లింగరాజ్ వల్యాల్ వంటి తెలుగువాళ్లను ఈ ఊరు లోక్‌సభకు పంపిందని కూడా ఆయన గుర్తుచేశాడు. ఆ ముగ్గురిలో ఇద్దరిది ఒక పార్టీ, మరొకరిది ఇంకో పార్టీ. ఆ తేడాను ఆయన లెక్కలోకి తీసుకోకపోవడం నాకు ఆసక్తిగా అనిపించింది.

అయితే ఊరు తమదని మగవాళ్లు చెప్పే తీరు ఒకటి, ఆడవాళ్లు చెప్పే తీరు మరొకటి. మగవాళ్ల మాటల్లో తాతలు, రథాలు, నాయకులు ఉంటే, ఆడవాళ్ల మాటల్లో ఇల్లు ఉంది. షోలాపూర్ తెలుగు ఇళ్లలో మగవాళ్లు సాంచాల మీదికి వెళితే, ఆడవాళ్లు తునికాకు నానబెట్టి, అచ్చు పెట్టి కత్తిరించి, పొగాకు పోసి బీడీలు చుడతారు. కూలి వెయ్యి బీడీల లెక్కన. అలా చుట్టి చుట్టి వేళ్లు వంకరపోయిన ఒక పెద్దమ్మను ఊరి బయట కుంభారి దగ్గరున్న గోదుతాయి పరులేకర్ కాలనీలో కలిశాను. వర్లీ ఆదివాసుల పోరాటానికి నాయకత్వం వహించిన కమ్యూనిస్టు నాయకురాలి పేరు పెట్టుకున్న ఈ కాలనీలో బీడీ కార్మికుల కోసం కట్టిన ఇళ్లు పదివేలు. కేంద్రం కొంత, రాష్ట్రం కొంత, కార్మికురాలు కొంత భరించగా, కమ్యూనిస్టు నాయకుడు నరసయ్య ఆడం నాయకత్వంలో ఏళ్ల తరబడి సాగిన ఉద్యమం తర్వాత 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా వీటిని అప్పగించారు.

"పేటలో కిరాయి గదిలో నలుగురు పిల్లలను పెంచిన బిడ్డా. ఆకు నానబెడితే వాసనని ఇంటిఆమె లొల్లి పెట్టేది. ఇప్పుడు నా ఇంట్ల నా ఆకు, ఎవరికి జవాబు చెప్పాలె?" అని ఆమె అంటుంటే, పక్కింటి కన్నడ ఆమె గడపలో కూర్చుని తెలుగు అర్థమై తల ఊపుతోంది. మీ సొంతూరు ఏదమ్మా అని అడిగితే పెద్దమ్మ క్షణం కూడా ఆలోచించకుండా తన ఇంటి నంబరు చెప్పింది. షోలాపూర్‌లో నేను విన్న జవాబుల్లో దీనికంటే సూటిదైనది లేదు. 2024 జనవరిలో ఇక్కడే రే నగర్‌లో మరో 15,000 ఇళ్లను ప్రధాని నరేంద్ర మోదీ అప్పగించారు. అందులో తన కోడలికి కూడా ఇల్లొచ్చిందని, కాకపోతే కోడలు బీడీలు చుట్టనంటోందని ఆమె ఫిర్యాదు. కోడలిదే న్యాయమని నాకు తోచింది గానీ, అక్కడ ఆ మాట అనలేదు.

యువకుల సంగతి వేరు. ఒక దుప్పట్ల దుకాణంలో లెక్కలు చూసే ఇంజినీరింగ్ విద్యార్థి ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. బడి అంతా మరాఠీలో సాగింది. స్వాతంత్ర్యోద్యమ కాలంలో షోలాపూర్‌లో మార్షల్ లా పెట్టిన సంగతీ, 1931 జనవరి 12న ఉరికంబమెక్కిన మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుసేన్, శ్రీకృష్ణ సారడా, జగన్నాథ్ శిందేల పేర్లూ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. చదువు ముగియగానే పుణె వెళతాడట. ఊరి మీద అభిమానం లేక కాదని, సాంచె మీద వచ్చే కూలితో తన తండ్రి ఎలా నెట్టుకొచ్చాడో దగ్గరుండి చూశానని అన్నాడు. ఊళ్లో పని దొరకక కదిలినవాళ్ల మునిమనవడు మళ్లీ పని కోసమే కదులుతుంటే, అభిమానాన్ని కొలవడానికి మనమెవరం?

తిరుగు ప్రయాణానికి ముందు అశోక్ చౌక్ దగ్గర టీ తాగుతుండగా నీళ్ల ప్రస్తావన వచ్చింది. ఉజనీ జలాశయం ఈ జిల్లాలోనే ఉన్నా కుళాయిలో నీళ్లు కొన్ని రోజులకొకసారి గానీ రావు. టీ కొట్టతను మరాఠీలో మొదలుపెట్టాడు, ఆటో నడిపే అతను కన్నడంలో అందుకున్నాడు, నాతో వచ్చిన సాంచాల కార్మికుడు తెలుగులో గట్టిగా తిట్టాడు. ఎవరికీ ఎవరి మాటా విడమర్చి చెప్పాల్సిన అవసరం రాలేదు. నేను మర్యాద కోసం హైదరాబాద్‌లోనూ నీళ్ల ఇబ్బంది ఉందన్నాను గానీ, ముగ్గురూ నా మాట పట్టించుకోకుండా, ఈసారి ఏ పేటకు ముందు నీళ్లు వదులుతారన్న వాదనలో పడిపోయారు.