అర శ్రుతి దగ్గర పోయిన పరువు

నా రికార్డు ప్లేయర్‌కి కొత్త బెల్ట్ నిన్న సాయంత్రం వచ్చింది. రాత్రి పదకొండింటికి రికార్డు సరైన వేగంతో తిరిగింది. కోపం చల్లారక ముందే రాసేస్తున్నాను.

2025 జూలై 22న ఇంగ్లండ్ రాక్ గాయకుడు ఆజీ ఆస్బోర్న్ పోయాడని తెలిసి మా మేనకోడలు ఆ పూట అన్నం ముట్టలేదు. ఇంటర్ చదువుతోంది, గిటారు నేర్చుకుంటోంది. "ఆ అరుపులకి ఏడవడం ఏమిటమ్మా?" అన్నాను. "మామయ్యా, ఒక్క ఆల్బమ్ మొదటి నుంచి చివరిదాకా విను. ఆ తర్వాత నీ ఇష్టం, తిట్టుకో" అంది. మా అమ్మ దగ్గర పన్నెండేళ్లు వీణ నేర్చుకున్నవాణ్ణి, నాకే వినడం నేర్పుతుందా అని రోషం వచ్చింది. సరే, కచేరీకి కూర్చున్నట్టే కూర్చుని వింటానన్నాను.

ఆల్బమ్ పేరు, ఆజీ పాడిన బృందం పేరు ఒకటే: బ్లాక్ సబ్బత్. 1970 ఫిబ్రవరి 13న వచ్చింది, శుక్రవారం. ఎల్పీ, అంటే పెద్ద రికార్డు పళ్లెం, ఆన్‌లైన్లో ఆర్డరిస్తే వారంలో ఇంటికొచ్చింది. అట్ట మీద ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని పాత నీటి మర, దాని ముందు నల్ల దుస్తుల్లో ఒక ఆడమనిషి. మా అత్తగారు చూసి దాన్ని దేవుడి గది వైపు పెట్టొద్దన్నారు. పెట్టలేదు.

ప్లేయర్ మాత్రం విజయవాడలో ఒక పాత సామాన్ల షాపులో కొన్నాను, 6,500 రూపాయలు. మోటారు నుంచి రికార్డు పెట్టే పళ్లేన్ని తిప్పే రబ్బరు బెల్ట్ జారుతోందంటే షాపాయన లోపలికి పట్టుకెళ్లి, పది నిమిషాల్లో "రెడీ సార్" అని తెచ్చిచ్చాడు. ఆ పది నిమిషాలే నా కొంప ముంచాయి.

మొదటి రోజు గది తలుపేసుకుని, ఫోన్ బయటపెట్టి, ముల్లు దించాను. ముందు వాన. దూరంగా ఉరుము. చర్చి గంట ఒకటి మోగి, మనం దాని సంగతి మర్చిపోయేంత సేపు ఆగి, మళ్లీ మోగుతుంది. అంతలో గిటారు మీద పడుతుంది. మూడే స్వరాలు. కింది స, పై స, అక్కణ్ణుంచి కిందికి దిగి ప్రతి మధ్యమం, అంటే రెండు మ లలో పైది. ఆ మధ్యమం దగ్గరే వణుకుతూ నిలబడుతుంది. ఈ స, ప్రతి మధ్యమాల దూరాన్ని పాశ్చాత్యులు సంగీతంలో దెయ్యం అని పిలిచారట. నవ్వొచ్చింది. మన 72 మేళకర్తల్లో, అంటే మూల రాగాల్లో, సగానికి, అంటే 36 రాగాలకి ఉన్నది ఆ మధ్యమమే. కల్యాణి వింటూ ఎవరైనా భయపడ్డారా? కానీ కల్యాణిలో మధ్యమం పంచమం మీదికి ఒరుగుతుంది, చెవికి ఊరట దొరుకుతుంది. ఇక్కడ అది ఎక్కడికీ పోదు. మళ్లీ కింది స, మళ్లీ అదే మెట్లు. రెండో రోజుకి నాకూ వెన్నులో కొంచెం చల్లబడింది, ఆ మాట ఇంట్లో మాత్రం చెప్పలేదు.

శ్రుతి పెట్టె పక్కన పెట్టుకుని చూశాను. ఆ స ఐదున్నర శ్రుతికి (స ఎంత ఎత్తులో ఉందో చెప్పే అంకె అది) అతికినట్టు సరిపోయింది. పుస్తకంలో రాసుకున్నాను. కింద గీత కూడా గీశాను.

ఆదివారం చెల్లెలి ఇంట్లో భోజనాలయ్యాక మేనకోడలు గిటారు తీసి అదే ముక్క వాయించింది. నా చెవికి దిగువన పలికింది. నేను ఊరుకోవచ్చు కదా. "నీ గిటారు అర శ్రుతి దిగి ఉంది. ఐదు కాదు, ఐదున్నర" అన్నాను. పిల్ల ట్యూనర్ చూపించింది, ఫోన్లో అదే పాట పెట్టి వినిపించింది. ఫోన్లో కూడా ఐదే! అప్పుడైనా ఆగాల్సింది. "ఫోన్లో పాటని నొక్కి నొక్కి చిన్నది చేస్తారు, శ్రుతి దిగుతుంది. అసలైనది రికార్డే" అన్నాను, పదిమంది ముందు. ఇలాంటి మాట ఎక్కడా చదవలేదు, అప్పటికప్పుడు నోటికొచ్చింది. అంతటితో ఆగానా, ఆజీది మేకపిల్ల గొంతని కూడా అన్నాను. చివరికి వాళ్ల గిటారు మాస్టారికి ఫోన్ చేయించి, పిల్లలకి శ్రుతి తప్పు నేర్పుతున్నారని గట్టిగానే చెప్పాను.

ఆయన వయసులో నాకంటే చాలా చిన్న. అంతా విని, "సార్, వీళ్లు శ్రుతి బాగా దించి వాయించడం మొదలుపెట్టింది 1971లో, మూడో ఆల్బమ్‌లో. దీంట్లో గిటారు మామూలు శ్రుతిలోనే ఉంటుంది. మీకు దిగలేదు, పైకెక్కింది కదా? మీ ప్లేయర్ మూడు నిమిషాల్లో ఎన్ని చుట్లు తిరుగుతోందో ఒకసారి లెక్కపెట్టండి" అన్నాడు. అంతే. వాదించి ఉంటే బాగుండేది, నాకు కాస్త తోడుగా ఉండేది.

ఆ రాత్రి పళ్లెం అంచుకి కాగితం ముక్క అతికించి, ముల్లు దించి, ఫోన్లో టైమర్ పెట్టి లెక్కపెట్టాను. నిమిషానికి ముప్పై మూడుంబావు అంటే కాస్త అటూ ఇటూ, అసలు లెక్క ముప్పై మూడూ మూడో వంతు. మూడు నిమిషాలకి సరిగ్గా నూరు చుట్లు రావాలి. నాకు నూటారు వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టాను, నూటారే. నూటికి ఆరు పెరిగితే అర శ్రుతి ఎక్కినట్టే. ఆరు నిమిషాల ఇరవై సెకన్ల పాట నా ఇంట్లో ఆరు నిమిషాల లోపే అయిపోతోంది, మేకపిల్ల గొంతు ఆజీది కాదు, నా మోటారుది.

పళ్లెం ఎత్తి చూస్తే సంగతి తేలింది. మోటారు పుల్లీ, అంటే బెల్ట్ తగిలించే చిన్న చక్రం, చిటికెన వేలంత లావు కూడా లేదు, దానికి నల్ల ఇన్సులేషన్ టేప్ రెండు చుట్లు చుట్టి ఉంది! బెల్ట్ జారకుండా షాపాయన చేసిన వైద్యం. పుల్లీ లావెక్కితే పళ్లెం జోరెక్కుతుందని ఆయనకి తెలియదా? తెలుసు. అడగడానికి వెళ్తే, "అర పాయింట్ స్పీడ్ ఎవరికి తెలుస్తుంది సార్, పాట హుషారుగానే ఉంటుంది కదా" అన్నాడు. పాత ప్లేయర్ కొనేవాళ్లు డబ్బు ఇవ్వకముందే అక్కడే నిలబడి నూరు చుట్లు లెక్కపెట్టండి. షాపాయన మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనివ్వండి. "రెడీ సార్" అని నవ్వేవాణ్ణి అసలు నమ్మకండి.

టేప్ పీకేస్తే బెల్ట్ జారింది. 350 పెట్టి కొత్తది తెప్పించాను.

నిన్న రాత్రి విన్నది వేరే ఆల్బమ్ అనిపించింది. వాన మెల్లగా పడుతోంది, గంటకి బరువొచ్చింది. ఈ మొత్తాన్ని 1969 అక్టోబరులో లండన్‌లో ఒక్క రోజులో రికార్డు చేశారంటే నమ్మబుద్ధి కాలేదు. గిటారు వాయించిన టోనీ అయోమీ ఎడమచేతి వాటం మనిషి. పదిహేడో ఏట రేకుల ఫ్యాక్టరీలో కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి, తీగలు నొక్కాల్సిన చెయ్యి అదే. ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకుని, వాటి మీద తోలు అతికించుకుని వాయించాడు. మా అమ్మ వేళ్ల మీద తీగలు కోసిన గాట్లు నాకింకా గుర్తు. కొసలే లేకుండా ఆ మధ్యమాన్ని ఎలా వణికించాడో వింటూ మూడుసార్లు ముల్లు వెనక్కి పెట్టాను.

రెండో వైపు మొదటి పాట ఒక అమెరికా బృందం దగ్గర తీసుకున్నది, నాకు పట్టలేదు. దాని తర్వాతి పాట మొదలవగానే ఉలిక్కిపడ్డాను. అది మోర్సింగ్! వాళ్లు దాన్ని వేరే పేరుతో పిలుస్తారు గానీ నాదం అదే, పళ్ల సందున మోగే ఆ బొంయ్ శబ్దం. వాయించింది ప్రొడ్యూసర్ రోడ్జర్ బెయిన్ అట. దాని పక్కన గిటారు మెత్తగా నడుస్తుంటే, మా ఊరి రామాలయంలో మృదంగం పక్కన కూర్చునే ముసలాయన గుర్తొచ్చాడు.

పొద్దున్నే మేనకోడలికి ఫోన్ చేసి ఐదు శ్రుతే అని ఒప్పుకున్నాను. చాలాసేపు నవ్వి, "మరి మా సార్‌కి సారీ చెప్పావా మామయ్యా?" అంది.

నంబరు పంపమన్నాను. పంపింది. ఇంకా చేయలేదు.