చీషీని వాలెంటైన్స్ డే అనేస్తే పోయేవి

ఆగస్టు వచ్చిందంటే, చైనా టీమ్‌తో పనిచేసే హైటెక్ సిటీ ఆఫీసుల్లో ఎవరో ఒకరు గ్రూపులో "హ్యాపీ చైనీస్ వాలెంటైన్స్ డే" అని పెట్టేస్తారు. తప్పు పట్టేదేం లేదు, చైనాలో షాపులు కూడా చీషీ పండగను ఆ రకంగానే అమ్ముకుంటున్నాయి. కాకపోతే ఆ పేరు పట్టుకుని వెళ్తే పండగలో సగం కనిపించకుండా పోతుంది. ఫిబ్రవరి 14 మనసులో మాట చెప్పుకునే రోజు. చీషీ వెనకున్న కథలో చెప్పుకోవడాలన్నీ ఎప్పుడో అయిపోయాయి. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, ఆ తర్వాత విడదీశారు.

దేవతల ఇంటి ఆడపిల్ల జీన్యూ మేఘాలు నేస్తుంది. భూమ్మీద పశువులు కాసుకునే న్యూలాంగ్‌ను చేసుకుంటుంది. పైవాళ్లకు అది గిట్టక ఆమెను వెనక్కి లాక్కుపోతారు. పిల్లల్ని కావడిలో కూర్చోబెట్టుకుని అతను వెంటపడితే, దేవతల రాణి జడపిన్నుతో ఆకాశంలో ఒక గీత గీస్తుంది. ఆ గీతే పాలపుంత. ఏటా చైనా పంచాంగంలో ఏడో నెల ఏడో రోజున, అంటే చీషీ నాడు మాత్రం మ్యాగ్‌పై పిట్టలు వంతెన కడితే ఇద్దరూ కలుసుకుంటారు.

ఈ జంటను మనం కొత్తగా పరిచయం చేసుకోనక్కర్లేదు. జీన్యూ అంటే మన అభిజిత్తు నక్షత్రం, న్యూలాంగ్ అంటే మన శ్రవణం. శ్రవణంలో నడిమి చుక్కకు అటూ ఇటూ రెండు చిన్న చుక్కలుంటాయి. మనవాళ్లు ఆ మూడింటిలో విష్ణువు మూడడుగులు చూశారు, చైనావాళ్లు తండ్రినీ కావడిలో ఇద్దరు పిల్లల్నీ చూశారు. పండగ కూడా చాలా ఏళ్లు శ్రావణ శుద్ధ షష్ఠి, సప్తముల దగ్గరే పడుతుంది. మనలాగే వాళ్ల నెలా అమావాస్యతో ముడిపడిందే. అయితే వాళ్లు అమావాస్య పడిన రోజునే ఒకటిగా లెక్కపెడతారు, మనం పాడ్యమి నుంచి. అందుకే వాళ్ల ఏడో రోజు మన పంచాంగంలో ఒక్కోసారి షష్ఠి అవుతుంది. అధిక మాసాలు ఒకే ఏడాది రాకపోతే నెల కూడా మారుతుంది. 2025లో వాళ్లకు అధిక ఆరో నెల వచ్చింది, మనకు అధికం లేదు. దాంతో చీషీ ఆగస్టు 29న, మన వినాయక చవితి అయిన రెండు రోజులకు పడింది. 2026లో మనకు అధిక జ్యేష్ఠం రావడంతో లెక్క సరిపోయి చీషీ ఆగస్టు 19న, మళ్లీ శ్రావణంలోకి వచ్చింది.

ఆ వారంలో మబ్బు తెరిపిస్తే రాత్రి తొమ్మిదిన్నర, పది మధ్య డాబా ఎక్కండి. నడినెత్తికి కాస్త ఉత్తరంగా తెల్లగా మెరిసేది అభిజిత్తు, కాస్త దక్షిణంగా ఉండేది శ్రవణం. నగరం వెలుతురులో పాలపుంత కనిపించదు గానీ ఈ రెండూ కనిపిస్తాయి. వాన పడితే ఆ ఇద్దరి కన్నీళ్లని చైనాలో అంటారు. మన ఆగస్టుకు ఆ మాట మరీ సరిపోతుంది.

అసలు పాతకాలంలో ఇది జంటల పండగే కాదు, ఆడపిల్లల పండగ. జీన్యూ లాంటి చేతిపని రావాలని మొక్కుకుని, వెన్నెల్లో సూదికి దారం ఎక్కించేవాళ్లు. సాలీడును పెట్టెలో పెట్టి, తెల్లారాక గూడు ఎంత చిక్కగా అల్లిందో చూసేవాళ్లు. మనవైపు దీనికి సాటి వెతికితే ఫిబ్రవరి 14 కన్నా అట్లతద్దే ముందు గుర్తుకు రావాలి.

మింగ్ రాజవంశం కాలంలో బీజింగ్‌లో ఆడిన సూది పరీక్షను ఇంట్లో చేసి చూడొచ్చు. వెడల్పాటి తెల్ల పింగాణీ గిన్నెలో నీళ్లు పోసి, పైన పలచటి పొర కట్టేదాకా ఎండలో కదపకుండా ఉంచాలి. స్టీలు గిన్నె వద్దు, అడుగు మెరిసి నీడ తెలియదు. చిన్న కుట్టుసూదిని పొడిగా తుడిచి, టిష్యూ ముక్క మీద పడుకోబెట్టి నీటిపై వదలండి. టిష్యూ నాని మునుగుతుంది, సూది తేలుతుంది. మునిగిపోయిందంటే చాలాసార్లు గిన్నెకు అంట్ల సబ్బు మిగిలి ఉన్నట్టే, సబ్బు తగిలితే నీటి తలతన్యత పడిపోతుంది. ఇక అడుగున నీడ చూడాలి. మబ్బులాగో పువ్వులాగో పక్షిలాగో పడితే పిల్ల పనిమంతురాలు. రోకలిలా మొద్దుగానో దారంలా సన్నగానో పడితే కాదు. సూది బరువుకు నీరు కొంచెం లోపలికి వంగి వెలుగును పక్కకు చెదరగొడుతుంది, నీడ సూదికన్నా లావుగా కనిపించేది అందుకే. ఎండ లేకపోతే ఫోన్ టార్చ్ చాలు.

ఫిబ్రవరి 14 కథ మీకు తెలిసిందే. ఒక్కటి మాత్రం చెప్పుకోవాలి. అమెరికా బళ్లలో పిల్లలు క్లాసు మొత్తానికీ కార్డులు పంచుతారు, ఫిన్లండ్‌లో అది స్నేహితుల రోజు. చైనాలో ప్రేమికుల రోజులన్నీ జంటలకే.

ఇంకో పెద్ద తేడా, పశ్చిమంలో ప్రేమ కార్డు మీది మాటల్లో ఉంటే చైనాలో అంకెల్లో ఉంటుంది. 520 అంకెల్ని చైనీస్‌లో పలికితే "నిన్ను ప్రేమిస్తున్నాను" అన్నట్టు వినిపిస్తుంది కాబట్టి మే 20 కూడా ప్రేమికుల రోజైపోయింది. 1314 అంటే జీవితాంతం. ఆ అంకెలంత డబ్బే వీచాట్ యాప్‌లో పంపుకుంటారు: 5.20 యువాన్లు సరదాకి, 520 గట్టిగా, 1314 ఇంకా గట్టిగా. అందులో 4 ఉన్నా గొడవ లేదు, విడిగా 4 మాత్రం చావును గుర్తుచేస్తుంది. 250 అస్సలు పంపకండి, మూర్ఖుడని తిట్టినట్టు. వీచాట్‌పై 2020 జూన్ నుంచి మన దేశంలో నిషేధం ఉంది కాబట్టి ఇక్కడివాళ్లు కవరులోనే ఇవ్వాలి. 500కి రూపాయి కలిపి 501 చేయడం మనకు శుభం, వాళ్లకు బేసి మొత్తం చావింటి లెక్క. మన వెయ్యిన్నూటపదహార్లు సరిసంఖ్య, 4 కూడా లేదు, కాబట్టి పెళ్లికి నిక్షేపంగా ఇవ్వొచ్చు.

గులాబీలకూ లెక్కుంది. అమెరికాలో డజను, రష్యాలో సరిసంఖ్య పూలు చావుకే, చైనాలో 11 లేదా 99. 108 ఇస్తే పెళ్లి అడిగినట్టే, చూసుకుని ఇవ్వండి. మన దగ్గర డచ్ గులాబీల కట్టకు 20 ఉంటాయి. 99 కావాలంటే 5 కట్టలు కొని ఒకటి ఇంట్లో ఉంచుకోవడమే. గడియారం, గొడుగు, చెప్పులు ఇవ్వకూడదు, మొదటిది అంత్యక్రియల్ని, మిగతా రెండూ విడిపోవడాన్ని తలపిస్తాయి. మనవాళ్లు ఎక్కువగా పప్పులో కాలేసేది పూల రకం దగ్గర. శ్రావణంలో గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో ఎటు చూసినా పసుపు చామంతులే, తాజాగా దొరుకుతాయి. చైనాలో తెల్లవైనా పసుపువైనా చామంతులు సమాధుల దగ్గర పెడతారు. చీషీకి బొకే కట్టిస్తుంటే, నిండుగా కనిపించాలని పూలవాడు మధ్యలో నాలుగు చామంతులు గుచ్చకముందే వద్దని చెప్పేయండి.